నెల్లూరు సీమలో తిరునాళ్ళెప్పుడు? ముందు ఏ క్యాలెండరో తేల్చుకోండి

రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు. రొట్టెల పండగ కరపత్రం మాత్రం పండగ దగ్గరపడ్డాక గానీ చేతికి రాదు. పెంచలకోన తిరునాళ్ళ వాల్‌పోస్టరూ అంతే, నాటక పోటీల ఆహ్వానపత్రికా అంతే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకునే నెల్లూరోళ్ళు ఈ రెండింటి మధ్యా నలిగిపోతుంటారు. టికెట్ కొనాలంటే తేదీ తెలియాలి, తేదీ తెలిసేసరికి టికెట్ ఉండదు. ఊళ్ళో ఉన్న బాబాయికి ఫోన్ చేస్తే "పోయినేడు ఈ పాటికే కదరా అయింది" అంటాడు.

ఆ మాట పట్టుకుని బయల్దేరితే ఒక్కోసారి పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలు తేడా కొడుతుంది. బాబాయి తప్పేం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది పొడుగునా జరిగే ఉత్సవాలన్నీ ఒకే క్యాలెండర్ మీద నడవవు. కొన్నింటిని నెలవంక నడిపిస్తుంది, కొన్నింటిని తిథి, కొన్నింటిని సూర్యుడు. ఇంకొన్ని ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడితే, మరికొన్ని కలెక్టరేట్‌లో జరిగే సమీక్షా సమావేశం మీద. ఏది దేన్ని పట్టుకుని కదులుతుందో తెలిస్తే కరపత్రం కోసం ఎదురుచూడక్కర్లేదు, ఏడాది ముందే తేదీ దగ్గరదగ్గరగా చెప్పేయొచ్చు.

రొట్టెల పండగతో మొదలుపెడదాం. బయటివాళ్ళు ఎక్కువగా పొరపడేది దీని దగ్గరే.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే ఈ పండగ మొహర్రం నెలలో వస్తుంది. పీర్ల పండగ రోజున మొదలై ఐదు రోజులు సాగుతుంది. 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. పదకొండు రోజులు ముందుకు జరిగిందన్నమాట. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులు, ఒక్కోసారి 355. మన ఇంగ్లీషు సంవత్సరం కంటే పది పదకొండు రోజులు తక్కువ. ఆ తేడాను సరిచేసే ఏర్పాటు ఆ క్యాలెండర్‌లో లేదు. అందుకే పండగ ఏటా ముందుకు జరుగుతూ పోయి, సుమారు ముప్ఫై మూడేళ్ళలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 2009లో పీర్ల పండగ రెండుసార్లు వచ్చిందని గుర్తుందా? జనవరి 8న ఒకసారి, డిసెంబర్ 28న మరోసారి. ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండు హిజ్రీ సంవత్సరాల మొహర్రం పడింది.

కోరిక తీరాలని రొట్టె తీసుకున్నవాళ్ళు, అది తీరాక మరుసటి పండగకు వచ్చి అలాంటి రొట్టెనే ఇంకొకరికి ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె... విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం వీసా రొట్టె కూడా వచ్చేసింది. ఇచ్చేవాళ్ళు పేరు పెట్టి అరుస్తుంటారు, కావలసినవాళ్ళు నీళ్ళలో అటు నడుస్తారు. ఇక్కడ మతం ఎవరూ అడగరు. కానీ "మళ్ళీ ఏడాదికి వస్తాను" అని మొక్కుకున్నవాళ్ళు లెక్కపెట్టుకోవాల్సింది 354 రోజులు. ఇంగ్లీషు తేదీ చూసుకుని పోయినసారి వచ్చిన రోజుకే వస్తే ఐదు రోజుల పండగ అప్పటికే అయిపోయి, చెరువు కట్ట మీద ఊడ్చే పని జరుగుతుంటుంది.

ఈ లెక్కను కాస్త ముందుకు పొడిగిస్తే పండగ ఎటు పోతోందో తెలుస్తుంది. 2026లో పీర్ల పండగ జూన్ 26 ప్రాంతంలో వస్తుంది. 2027లో జూన్ మధ్యలో, 2028లో జూన్ మొదటి వారంలో, 2029కి మే నెలాఖరులో. నెలవంక కనిపించడాన్ని బట్టి ఒకరోజు అటూ ఇటూ అవుతుంది, అంతకు మించి తేడా రాదు. అంటే 2028, 2029 నాటికి రొట్టెల పండగ రోహిణి కార్తె ఎండల్లోకి, బడి సెలవుల్లోకి వెళ్ళిపోతోంది. సెలవులంటే పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు పెరుగుతాయి. రోహిణి అంటే నెల్లూరులో రోళ్ళు పగిలే ఎండ. పైగా పండగ జరిగేది నీళ్ళలో. ఈ జిల్లాలో చెరువులు నిండేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య కురిసే వానలకు. మే చివరికి చెరువులో నీటిమట్టం ఎంత ఉంటుందన్నది అప్పుడు దర్గా కమిటీకీ నగరపాలక సంస్థకూ పెద్ద ప్రశ్నే. షామియానాలు, తాగునీళ్ళు, వైద్య శిబిరాల లెక్కలు జులైలో జరిగిన పండగలను చూసి వేస్తే సరిపోవు. దీన్ని పట్టించుకోవాల్సింది ఇప్పుడే అని నా అభిప్రాయం.

తెలుగు మాసాల మీద నడిచే ఉత్సవాలదీ చంద్రమానమే. అయితే ఇక్కడ దిద్దుబాటు ఉంది. ఏటా తగ్గిపోయే పదకొండు రోజులూ పోగుపడి ఒక నెల కాగానే అధికమాసం చేర్చి లెక్క సరిచేస్తారు. సుమారు ముప్ఫై రెండు, ముప్ఫై మూడు నెలలకొకసారి ఇది వస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. కాబట్టి ఈ ఉత్సవాలు రెండేళ్ళు పది పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగి, మూడో ఏడు ఒక్కసారిగా పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు వెనక్కి గెంతుతాయి. బాబాయి చెప్పిన "ఈ పాటికే" అన్నది రెండేళ్ళు కొంచెం తప్పు, మూడో ఏడు బాగా తప్పు.

2026 ఇందుకు మంచి ఉదాహరణ. అధికమాసం ఏడాది మధ్యలో పడింది గనక దానికి ముందు వచ్చేవన్నీ 2025 కంటే తొందరగా, తర్వాత వచ్చేవన్నీ ఆలస్యంగా వస్తాయి. పెంచలకోనలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, నృసింహ జయంతిని ఆనుకుని జరుగుతాయి. ఆ జయంతి 2025లో మే 11, 2026లో ఏప్రిల్ 30. 2027లో మే మూడో వారానికి పోతుంది. జొన్నవాడ కామాక్షితాయి బ్రహ్మోత్సవాలదీ వైశాఖమే. ధ్వజారోహణం రోజున సంతానం కోసం కొడిముద్ద ప్రసాదం అందుకోవడానికి వచ్చే ఆడవాళ్ళకు ఆ ఒక్కరోజే ముఖ్యం. రథం రోజున వచ్చినా లాభం లేదు. నెల్లూరు నుంచి పెంచలకోనకు అటు రాపూరు దారి, జొన్నవాడకు ఇటు పెన్న ఒడ్డున బుచ్చిరెడ్డిపాళెం దారి. ఒకే మాసంలో రెండు తిరునాళ్ళు, నడిపేది అవే ఆర్టీసీ బస్సులు. వైశాఖంలో ఈ వైపు వచ్చేవాళ్ళు బస్టాండులో ఎందుకింత రద్దీ అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక అధికమాసం దాటాక చూడండి. వినాయక చవితి 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబర్ 14. దసరా అక్టోబర్ 2 నుంచి 20కి జరుగుతుంది. ఒంగోలులో దసరాకు కళారాల ఊరేగింపు ఉంటుంది. అమ్మవారి రూపాల ముఖాలను రాత్రంతా వీధుల్లో తిప్పుతుంటే ఊరు ఊరంతా మేలుకుని ఉంటుంది. రాష్ట్రంలో దసరా అనగానే అందరూ బెజవాడ వైపే చూస్తారు గానీ, ఒంగోలు రాత్రి చూసినవాళ్ళు ఆ మాట అనరు. అక్టోబర్ మూడో వారమంటే ఈశాన్య రుతుపవనాలు తలుపు తట్టే వేళ. ఊరేగింపుకు వెళ్ళేవాళ్ళు గొడుగు పెట్టుకోవడం మంచిది.

కార్తీకంతో ఇంకో చిక్కు. 2025లో కార్తీకం అక్టోబర్ 22న మొదలైంది, 2026లో నవంబర్ 10న మొదలై డిసెంబర్ మొదటి వారం దాటిపోతుంది. నెల్లూరు జిల్లా వానలో సగానికి పైగా కురిసేది అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలోనే. నవంబర్ తుపాన్ల నెల. 2021 నవంబర్‌లో పెన్న పొంగి జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. కాలనీ సంఘాలు, కుల సంఘాలు, ఉద్యోగ సంఘాలు వనభోజనాలు పెట్టుకునేది ఈ నెలలోనే. తోట మాట్లాడుకునేటప్పుడు పక్కనే కల్యాణ మండపం కూడా ఖాళీ ఉందేమో అడిగి ఉంచుకున్న సంఘాలు తెలివైనవి. పాత ప్రకాశం జిల్లా పడమటి కొండల్లో భైరవకోనకు వెళ్ళేవాళ్ళది మాత్రం దీనికి తిరగేసిన లెక్క. వాన పడితేనే అక్కడ జలపాతం దూకేది, కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాల ముందు నీళ్ళ చప్పుడు వినిపించేది.

తిథి విషయంలో ఇంకో సందేహం తరచూ వస్తుంది. ఒకే తిథి రెండు రోజుల మీద పరుచుకుంటే ఏ రోజు లెక్క? దానికి జవాబు పండగను బట్టి మారుతుంది. వినాయక చవితికి మధ్యాహ్నం వేళ చవితి ఉండాలి. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. నృసింహ జయంతికి సాయంసంధ్యలో ఉండాలి. అందుకే గోడ క్యాలెండర్‌లో సూర్యోదయానికి వేసిన తిథి చూసి "ఇవాళ కాదుగా" అని వాదించడం దండగ. బ్రహ్మోత్సవాలైతే ముఖ్యమైన రోజు ఒకటి ఖాయం చేసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టి అంకురార్పణ పెడతారు. మీకు కావలసింది గరుడసేవా, కల్యాణమా, రథమా అన్నది ముందు తేల్చుకుంటే తేదీ దానంతటదే తేలుతుంది.

తిథికి వారాన్ని ముడిపెట్టిన లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. వెంకటగిరి పోలేరమ్మ జాతర చూడండి. వినాయక చవితి తర్వాత మొదటి బుధవారం చాటింపు, రెండో బుధవారం మలి చాటింపు, మూడో బుధ, గురువారాల్లో జాతర. 2023లో చవితి సెప్టెంబర్ 18, జాతర అక్టోబర్ 4, 5. 2024లో చవితి సెప్టెంబర్ 7, జాతర 25, 26. లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. 2026లో చవితి సెప్టెంబర్ 14, సోమవారం. అదే పద్ధతిలో చూస్తే జాతర సెప్టెంబర్ 30, అక్టోబర్ 1న రావాలి. ఎవరి ప్రకటన కోసమూ ఆగకుండా చీటీ మీద వేసుకోగలిగిన లెక్క ఇది. అయినా టికెట్ కొనే ముందు వెంకటగిరిలో తెలిసినవాళ్ళను ఒక మాట అడగండి. జాతర అమ్మది, లెక్క మనది.

సంక్రాంతితో ఏ పేచీ లేదు. సూర్యుడు మకరంలోకి వచ్చినప్పుడే పండగ, జనవరి 14 గానీ 15 గానీ. నెల్లూరు రంగనాయకులపేటలో గొబ్బెమ్మలను పెన్నలో కలిపే ఏటి పండగ దాన్ని ఆనుకునే వస్తుంది. సద్దులు కట్టుకుని ఇసుకలో కూర్చునే జనం ఆ ఒక్క సాయంత్రం ఏటిని తిరునాళ్ళ చేస్తారు.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా రెండు జిల్లాల్లోనూ ఎడ్ల బండలాగుడు పోటీలు నడుస్తాయి. శివరాత్రి తిరునాళ్ళలో అవే అసలు ఆకర్షణ. కొత్తగా చూసేవాళ్ళకు మైకులో వినిపించే "రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు" అన్న పిలుపు అర్థం కాదు. ఎద్దుకు వచ్చిన శాశ్వత దంతాలను బట్టి వయసు కట్టి చేసిన విభాగాలవి. పళ్ళన్నీ వచ్చినవి పైవిభాగాల్లో లాగుతాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఒంగోలు గిత్తల జోడీని ఊరూరా తిప్పే రైతులకు పోటీల తేదీలు వాట్సాప్‌లోనే అందుతాయి. ఒక ఊరి తేదీతో ఇంకో ఊరి తేదీ ఢీకొట్టకుండా కమిటీలు మాట్లాడుకుని సర్దుకుంటాయి కూడా. ఎవరూ జీవో ఇవ్వకుండానే ఇంత చక్కగా నడిచే క్యాలెండర్ ఈ ప్రాంతంలో నాకు ఇంకోటి కనపడలేదు.

పక్షులది వేరే లెక్క. దానికి తేదీ లేదు, తరుణమే ఉంది. ఈశాన్య రుతుపవనాలకు చెరువులు నిండితే నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. అక్టోబర్‌లో వచ్చి మార్చి దాకా ఉంటాయి. నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద కొమ్మకొమ్మకూ గూడు. చెరువు నీళ్ళలో కలిసే పక్షుల రెట్ట పొలానికి ఎరువని అక్కడి రైతులకు తరతరాలుగా తెలుసు. 1976లో దాన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించక ముందు నుంచే వాటిని కాపాడింది ఆ ఊళ్ళవాళ్ళే. పులికాట్‌లో కనిపించే ఫ్లెమింగోలు అలా కావు. అవి గూళ్ళు పెట్టేది గుజరాత్ కచ్ రణ్‌లో, ఇక్కడికి వచ్చేది మేతకు. తలకిందులుగా పెట్టిన ముక్కుతో బురదనీటిని వడగట్టి తింటాయి గనక వాటికి మోకాలి లోతు నీళ్ళే కావాలి. వానలు మరీ ఎక్కువై సరస్సు లోతుగా నిండినా, రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్ళు రాక ఎండిపోయినా అవి ఇంకో చోటు చూసుకుంటాయి. కాబట్టి "ఫలానా తేదీన ఫ్లెమింగోలు" అని ఎవరైనా చెబితే అది పక్షుల్ని అడిగి చెప్పింది కాదు.

ఫ్లెమింగో ఫెస్టివల్ చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. 2001లో మొదలైన ఈ పక్షుల పండగను సూళ్ళూరుపేట, నేలపట్టు, భీమునివారిపాళెం కేంద్రాలుగా ప్రభుత్వం జరుపుతుంది. మామూలుగా జనవరిలో. పంచాంగం, నెలవంక రెండూ అక్కర్లేని పండగ గనక ఇది అన్నింటికంటే స్థిరంగా ఉండాలి. జరిగింది వేరు. 2020 జనవరి 3 నుంచి 5 దాకా జరిగాక మళ్ళీ జరిగింది 2025 జనవరి 18 నుంచి 20 దాకా. మధ్యలో కరోనా కొంత కారణమే, కానీ అదొక్కటే అయితే ఇన్నేళ్ళు పట్టేది కాదు. నిధులు రావాలి, శాఖలు కలిసిరావాలి, ఎన్నికల కోడ్ అడ్డురాకూడదు. ఏడాదికి పదకొండు రోజులు కదిలే రొట్టెల పండగ తేదీని 2029 దాకా ఇప్పుడే చెప్పగలం. జనవరిలోనే ఉండాల్సిన ఫ్లెమింగో పండగ మాత్రం వచ్చే ఏడు ఉంటుందో లేదో డిసెంబర్ దాకా చెప్పలేం.

నిజానికి పక్షుల కోసమే వెళ్ళేవాళ్ళకు పండగ రోజులు అంత అనువైనవి కూడా కావు. వేదిక, పాటలు, స్టాళ్ళు, బడి బస్సులు అన్నీ ఉంటాయి. పిల్లలకు మంచిదే, ఆ హుషారు వేరు. గూడబాతుల్ని నిదానంగా చూడాలంటే మాత్రం డిసెంబర్, జనవరిల్లో మామూలు రోజు పొద్దున్నే నేలపట్టు చేరాలి. శ్రీహరికోట దారిలో సరస్సు మధ్య ఆగినా ఫ్లెమింగోలు కనబడతాయి. జనవరిలో దేశమంతటా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఔత్సాహికులు కూడా అందులో పాల్గొనవచ్చు. సముద్రతీరం వైపు అయితే జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పొదిగిన పిల్లలను అటవీశాఖ సముద్రంలోకి వదిలేది ఆ తర్వాతి నెలల్లో.

సంగీతం, నాటకాల దగ్గరకు వస్తే సగం తేదీలు స్థిరం, సగం తిథులు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టినరోజు జూన్ 4, వర్ధంతి సెప్టెంబర్ 25. ఆయన సొంత జిల్లాలో ఆ రెండు రోజుల చుట్టూ పాటల కార్యక్రమాలు ఉంటాయి. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరే పెట్టారు. ప్రకాశం పంతులు జయంతి ఆగస్టు 23, పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ దినం డిసెంబర్ 15. ఇవి మారవు. త్యాగరాజ ఆరాధన మాత్రం పుష్య బహుళ పంచమి, 2025లో జనవరి 18న, 2026లో జనవరి 7న వచ్చింది. మిగతా సభలన్నీ నెల్లూరు టౌన్‌హాలు పురమందిరం ఎప్పుడు ఖాళీ ఉంటే అప్పుడు. అతిథిగా రావలసిన సినిమా మనిషి డేట్లు కుదరకపోతే అవీ కదులుతాయి.

తిరునాళ్ళలో పద్యనాటకం చూడాలని వచ్చేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. తెల్లారేదాకా సాగాల్సిన నాటకానికి ఈ గడియారం కుదరదు. అందుకే చాలాచోట్ల నాటకం మొత్తం పోయి ఒక్కొక్క సీనే మిగిలింది. పోలీసులు చూసీచూడనట్టు ఊరుకున్న ఊళ్ళో హార్మోనియం తెల్లవార్లూ మోగుతుంది, లేనిచోట పదకొండింటికల్లా తెర దించేస్తారు. ఎనిమిదింటికి మొదలవుతుందని కరపత్రంలో ఉంటే ఎనిమిదింటికే వెళ్ళండి. పదింటికి మొదలవుతుందిలే అని భోంచేసి బయల్దేరే పాత అలవాటు ఇప్పుడు పనికిరాదు.

జిల్లా సరిహద్దులు మారడం ఇంకో తికమక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. ఫ్లెమింగో పండగ, పోలేరమ్మ జాతర రెండింటి ఏర్పాట్లూ ఇప్పుడు తిరుపతి కలెక్టర్ చూస్తారు, వార్తలు ఆ జిల్లా పేజీలో పడతాయి. నెల్లూరు ఎడిషన్ మాత్రమే చదివేవాళ్ళకు తెలియకుండానే తేదీ దాటిపోవచ్చు. రెండు పేజీలూ చూడాలి.

ఆఖరుగా వాట్సాప్‌లో వచ్చే కరపత్రాల సంగతి. వాటిలో తేదీ, నెల, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. పాతవి ఏటా మళ్ళీ తిరుగుతుంటాయి. పట్టుకోవడం తేలికే. "మే 15, గురువారం" అని ఉంటే అది 2025ది, ఎందుకంటే 2026లో మే 15 శుక్రవారం. వారం సరిపోయినా అధికమాసం ఉన్న ఏడాదైతే తిథి కూడా చూసుకోవాలి. రెండూ కలిసినప్పుడే టికెట్ కొనండి. ఒకవేళ వెయిటింగ్ లిస్టు పడితే, పెంచలకోనకైనా జొన్నవాడకైనా బస్సులు నెల్లూరు నుంచే.